ఉండాల్సింది, ఉన్నది

మా ఆడపడుచు ఆ వేసవి సెలవులకి మా ఇంటికి వచ్చిన రోజే అన్నాను, ఈ పిల్లతో నాకు పడదని. పడలేదు కూడా. అయితే వదినా ఆడపడుచులు మామూలుగా పోట్లాడుకునే సంగతులేవీ మా మధ్య లేవు. కూరలో ఉప్పెక్కువైందని తను అనలేదు, పొద్దెక్కినా లేవదని నేను అనలేదు. మా గొడవంతా ప్రోగ్రాముల మీద.

నా ఉద్యోగం ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఎవరో రాస్తారు. నేను దాన్ని అటూ ఇటూ లాగి, పీకి, ఎక్కడ తెగుతుందో చూస్తాను. తెగిన చోట రెండే ముక్కల్లో రిపోర్టు రాయాలి: ఏం ఉండాలి, ఏం ఉంది. మూడో ముక్క రాస్తే రాసినవాళ్ళు చదవరు. ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి ఇంట్లో కూడా నా నోటికి అదే అలవాటైపోయింది. "తడి తువ్వాలు దండెం మీద ఉండాలి. మంచం మీద ఉంది." "పాలగిన్నె మీద మూత ఉండాలి. లేదు." మా ఆయనది కళ్ళద్దాల షాపు. నిదానస్తుడు. "నేనెక్కడ ఉండాలో కూడా ఒకసారి రాసిచ్చెయ్యి, వెళ్ళి అక్కడే నిలబడతాను" అనేవారు.

మాకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు మరీ ఇంతే ఉందని పిట్ట అన్నాం, ఆ పిలుపే నిలిచిపోయింది. పిట్ట నాతోనూ వాళ్ళ నాన్నతోనూ గలగలా మాట్లాడుతుంది. గుమ్మం దాటిందా, ఇక నోరు విప్పదు. స్కూల్లో చేరి ఏడాది అయినా టీచరుతో గానీ పిల్లలతో గానీ ఒక్క మాట మాట్లాడలేదు. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. ఇది బెరుకు, బలవంతపెట్టకండి అంది మాటలు నేర్పే ఆవిడ. బలవంతపెట్టనిదెవరు? పక్కింటావిడ చాక్లెట్ ఎత్తి పట్టుకుని "ఆంటీ అను, ఇచ్చేస్తాను" అనేది. పిట్ట అనేది కాదు, ఆవిడ ఇచ్చేది కాదు, మధ్యలో చాక్లెట్ కరిగిపోయేది. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "నువ్వు ఆ వయసులో వద్దన్నా వాగేదానివే" అని గుర్తు చేసేది, అక్కడికి అదేదో మందైనట్టు.

సెలవులిచ్చే రోజు హెడ్‌మిస్ట్రెస్ మా ఆయన్నీ నన్నూ పిలిపించారు. మంచావిడే. అదే నా బాధ. చెడ్డావిడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

"పిల్లకి ఏం వచ్చో, ఏం రాదో మాకు తెలియడం లేదమ్మా" అన్నారావిడ. "సెలవులయ్యాక ఒకసారి తీసుకురండి. నాతో ఒక్క మాట మాట్లాడితే చాలు, ఒకటో తరగతిలో కూర్చోబెడతాను. లేదంటే ఇలాంటి పిల్లల కోసం వేరే స్కూలు ఉంది. అక్కడైతే తనకే మంచిది."

ఆ వేరే స్కూలు నేను చూసొచ్చాను. అక్కడి పిల్లల్లో చాలామందికి చెవులు వినపడవు. టీచర్లు ఓపికగా చేతులతో మాట్లాడుతున్నారు. ఆ పిల్లలకి అది మంచి చోటే. కానీ మా పిట్టకి మాటలొచ్చు, ఇంట్లో నా మాటకి మాట ఎదురు చెప్తుంది. అలాంటి పిల్లకి చేతి సైగలు నేర్పిస్తారని తలుచుకుంటే నాకు కడుపు మండిపోయింది. వేసవి అయ్యేలోగా ఒక్క మాట. అంతకన్నా నేనేమీ అడగలేదు.

సరిగ్గా అప్పుడు దిగింది మా ఆడపడుచు. హాస్టల్ మూసేశారట. చేతిలో ఒక సంచి, చంకలో అంచులు పగిలిన లాప్‌టాప్. తను చీమల మీద పరిశోధన చేస్తుంది. వచ్చిన రోజునుంచే పిట్టకి ఇల్లు కూడా బయటి చోటైపోయింది. మంచినీళ్ళు కావాలన్నా నా కొంగు పట్టి లాగి, వంగమని, చెవిలో అడగడం మొదలుపెట్టింది. పిల్ల నోరు విప్పే చోటు ఇదొక్కటైనా ఉందనుకుంటే అదీ పోయింది. మా ఆయన మీద విసుక్కున్నాను.

"మా చెల్లెలే. బజార్లో ఉండమంటావా?" అన్నారు.

ఆయన అన్నదీ నిజమే. అందుకని ఇంకాస్త విసుక్కున్నాను.

పోనీ, వచ్చిన మనిషి మేనకోడల్ని దగ్గరికి తీసి మచ్చిక చేసుకుంటుందా అంటే అదీ లేదు. భోజనాల బల్ల ఒక కొస ఆక్రమించి పొద్దున్నుంచీ టకటకా కొట్టేది. తెర మీద నల్లచుక్కలు పాకేవి. అవే చీమలు. ఒక మూల గుండ్రంగా గీసింది వాటి గూడు. పిట్ట బల్ల కింద కూర్చుని బొమ్మలు వేసుకునేది. ఒకరి ఉనికి ఒకరికి పట్టేది కాదు. నేను పళ్ళేలు సర్దుతూ మా ఆడపడుచు భుజం మీదుగా తెరలోకి చూసేదాన్ని. చూడకుండా ఉండలేను. చూశాక ఊరుకోలేను.

"ఒకదానికి ఎక్స్ అని పేరు పెట్టావు, ఇంకోదానికి ఎక్సెక్స్ అని పెట్టావు. రేపు ఏది ఏదో నీకెలా తెలుస్తుంది?"

"రేపు ఇది ఉండదు వదినా."

"ఏమవుతుంది?"

"పారేస్తా. దారిలో రాయి అడ్డం పెడితే చీమలు ఎటు తిరుగుతాయో ఊరికే చూద్దామని రాశాను."

ఊరికే చూద్దామని. ఆ వేసవంతా ఈ మాట విని విని నా ప్రాణం విసిగిపోయింది. మా ఆఫీసులో ఊరికే ఎవరూ ఏదీ చూడరు. ఏం కట్టాలో ముందు రాసుకుంటారు, పదిమంది కూర్చుని ఒప్పుకుంటారు, అప్పుడు మొదలుపెడతారు. ఈవిడగారు కాఫీ చల్లారేలోగా ఒక ప్రోగ్రాం రాసేసి, అది సగంలో ఆగిపోతే "ఓహో" అని నవ్వి, దాన్ని తుడిచేసి ఇంకోటి మొదలుపెట్టేది. ఒక్కోసారి దాచినా వాటి పేర్లు చూడాలి: కొత్తది, కొత్తది రెండు, ఇది కాదు, ఇది కూడా కాదు.

"సరైన పేరు పెట్టడానికి ఏం రోగం?" అన్నాను ఒకరోజు.

"పేరు పెడితే మమకారం పుడుతుంది వదినా. పారేయబుద్ధి కాదు. మీకు ఏం కావాలో ముందే తెలుసు, కాబట్టి పద్ధతిగా రాసుకుంటారు. నాకు ఏం అడగాలో కూడా ఇంకా తెలీదు. రాస్తూ పోతే ఎక్కడో తగుల్తుంది. ఫోన్ మాట్లాడుతూ కాగితం మీద పిచ్చిగీతలు గీస్తాం చూడు, ఇదీ అంతే."

"ఆ కాగితం చిత్తుబుట్టలోకి పోతుంది."

"అదే కదా నేనూ చెప్తున్నది!"

అన్నిటికన్నా నా ఒళ్ళు మండించింది ఒకే ఒక్క పొరపాటు. తెర మీద లెక్క పైఅంచున సున్నాతో మొదలై కిందికి పెరుగుతుంది. ఏదైనా కిందికి రావాలంటే కూడాలి. మా ఆడపడుచు తీసేస్తుంది. అంతే, గూట్లోకి దిగాల్సిన చీమ ఆకాశంలోకి పోతుంది. నేను చెప్తాను, అవును సుమా అని తల కొట్టుకుని దిద్దుతుంది, మధ్యాహ్నానికి కొత్తది రాస్తూ మళ్ళీ అదే తప్పు. పెద్ద చదువులు చదువుతున్న మనిషికి పైకీ కిందికీ తేడా తెలియదా అని నేను మా ఆయన దగ్గర వాపోతే, "చిన్నప్పుడు చెప్పులు కూడా కుడిఎడమగానే వేసుకునేది" అన్నారు మురిపెంగా.

ఒకరోజు వంటింట్లో కూర కలుపుతున్నాను. హాల్లోంచి పిట్ట గొంతు వినిపించింది. మా ఆయన షాపు కట్టేసి తొందరగా వచ్చారేమో అనుకుని తొంగి చూశాను. ఆయన లేరు. పిట్ట బల్ల కిందనుంచి ఎప్పుడు బయటికి వచ్చిందో, వాళ్ళ అత్త మోచేతి దగ్గర నిలబడి తెర మీద వేలు పెట్టి చూపిస్తోంది.

"చీమ గూట్లోకి వెళ్ళాలి. గోడలోకి వెళ్తోంది."

నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఆ మాటలు నావి. ఆ విరుపూ నాదే. మా ఆడపడుచు కనీసం తల తిప్పి చూడలేదు. పిల్ల తనతో మొదటిసారి మాట్లాడిందన్న సంగతి తనకి తట్టనే లేదని ప్రమాణం చేసి చెప్పగలను.

"ఏ గోడలోకి?"

"ఈ గోడలోకి. అదిగో, ఇంకోటి కూడా."

"అవునే! ఇదెందుకిలా చస్తోంది? ఆగు, ఇప్పుడు చూడు."

"ఇప్పుడు అసలు కదలట్లేదు. కదలాలి."

కూర అడుగంటింది. నేను కదల్లేదు.

ఆ రోజునుంచి ఇద్దరూ బల్ల దగ్గరే. అత్త రాయడం, పిట్ట తప్పులు పట్టడం. చీమ రెండు చోట్ల కనబడుతోంది, ఒక్క చోటే ఉండాలి. రొట్టెముక్క చిన్నదవ్వాలి, పెద్దదవుతోంది. నేను సంతోషించాలి. సంతోషించాను కూడా, ఒక పూట. తర్వాత నా బుర్ర నన్ను ఊరుకోనివ్వలేదు. ఇంత తలాతోకా లేనిదానితోనే పిల్ల నోరు విప్పిందంటే, అదే పద్ధతిగా చేసినదైతే ఇంకెంత మాట్లాడుతుందో అనిపించింది. ఆఫీసుకి సెలవు దొరికినప్పుడల్లా కూర్చుని, మా ఆడపడుచు చీమల్ని మొత్తం మళ్ళీ రాశాను. ప్రతిదానికీ పేరు పెట్టాను. చీమలకి కాళ్ళు, మీసాలు వచ్చాయి. గూటికి తలుపు వచ్చింది. చీమ ఇంటికి చేరగానే "శభాష్!" అనే గొంతు కూడా పెట్టాను. ఎంత పీకినా ఎక్కడా తెగలేదు. నా ఉద్యోగంలో అంత శుభ్రమైన ప్రోగ్రాం నా చేతికి రాలేదు.

పిట్ట దాని ముందు బుద్ధిగా కూర్చుంది. చీమ గూట్లోకి వెళ్ళింది. శభాష్ అంది. ఇంకో చీమ వెళ్ళింది. శభాష్ అంది. పిట్ట కాసేపు చూసి, కుర్చీ దిగి, బల్ల కిందికి వెళ్ళి బొమ్మలు వేసుకోవడం మొదలుపెట్టింది. ఒక్క మాట లేదు.

"చాలా బాగుంది వదినా" అంది మా ఆడపడుచు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అంది.

"బాగుంటే మరి పిట్టెందుకు మాట్లాడదు?"

"మాట్లాడ్డానికి అందులో ఏం మిగిల్చావని?"

నేను చేసింది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. ఆ ప్రోగ్రాం ఈనాటికీ నడుస్తుంది, కావాలంటే ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. కానీ మర్నాడు పొద్దున నేనే భోజనాల బల్ల తుడిచి, మా ఆడపడుచు పాత లాప్‌టాప్ ఎప్పుడూ ఉండే కొసన పెట్టేశాను.

సెలవులు అయిపోవచ్చాయి. పిట్ట వాళ్ళ అత్తతో మాట్లాడుతోంది, అంతే. పక్కింటావిడతో లేదు, నీళ్ళ డబ్బా తెచ్చే అతనితో లేదు. హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడుతుందన్న ఆశ నాకు రవ్వంత కూడా లేదు. వెళ్ళాల్సిన రోజు మా ఆయనకి షాపులో కొత్త సరుకు దిగింది. తోడుగా మా ఆడపడుచు వచ్చింది, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని. "అదెందుకిప్పుడు?" అన్నాను. "ఉండనీ వదినా, బరువేం కాదు" అంది.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో పెద్ద బల్ల, వెనక ఆవిడ, పైన తిరిగే ఫ్యాను. కిటికీ పక్కన బీరువా మీద బిస్కెట్ల డబ్బా. పిట్టని నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. కాళ్ళు నేలకి అందలేదు.

"ఏమ్మా, నీ పేరేంటి?" అన్నారావిడ.

పిట్ట తన బూట్ల వంక చూసుకుంది.

"పోనీ, నీకు ఏ రంగంటే ఇష్టం?"

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ సొరుగులోంచి బొమ్మల కార్డులు తీశారు. బంతి. చేప. గొడుగు. ఒక్కొక్కటే ఎత్తి చూపించి, ఓపికగా ఆగి, కింద పెట్టారు. గొడుగు, గొడుగు అను తల్లీ అని నా లోపల ఒక మనిషి అరుస్తోంది. బయటికి మాత్రం నవ్వుమొహం పెట్టుకుని కూర్చున్నాను.

"నాకూ బాధగానే ఉందమ్మా" అన్నారావిడ కార్డులు సర్దుతూ. "ఆ స్కూలు వాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్తాను."

అప్పుడు నా ఎడమపక్కనుంచి టకటకా చప్పుడైంది.

తిరిగి చూస్తే మా ఆడపడుచు లాప్‌టాప్ ఒళ్ళో తెరుచుకుని కొడుతోంది. ఇక్కడ కూడానా! నా కూతురి చదువు గంగలో కలిసిపోతుంటే ఇక్కడ కూడానా! మోచేత్తో పొడిచాను. తను కిటికీ వైపు చూపించింది. కిటికీలోంచి సన్నటి చీమల బారు, గోడ మీదుగా బీరువా ఎక్కి బిస్కెట్ల డబ్బాలోకి పోతోంది.

"మేడమ్, ఈ బల్ల కాస్త ఆ గోడవైపు జరిపితే ఇవి దారి మార్చుకుంటాయా అని..." అంది హెడ్‌మిస్ట్రెస్‌తో. "ఊరికే చూద్దామని. ఒక్క నిమిషం."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా ఆడపడుచు తెర మీద గది వేస్తోంది. బల్లకి ఒక పలక. పైన అడ్డంగా గీత, అది ఫ్యాను. కుర్చీ. హెడ్‌మిస్ట్రెస్‌కి ఒక గుండ్రటి బొట్టు, నెత్తిన చిన్న ముడి. ముడి కూడా పెట్టింది, "ఇది మీరు మేడమ్" అని చెప్పింది కూడా, ఏం మనిషో! ఇక ఆవిడని కుర్చీలోకి దింపాలి. నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. కూడాల్సిన చోట తీసేసింది.

నా నోరు తెరుచుకుంది. అక్కడ కూడాలి అన్న మాట నాలిక చివరికి వచ్చేసింది. పిట్ట కుర్చీ దిగి, నా మోకాళ్ళ ముందునుంచి దూరి, తెర చూడ్డానికి వాళ్ళ అత్త దగ్గరికి వెళ్తోంది. నేను నోరు మూసుకున్నాను. తప్పు కళ్ళారా చూసి చెప్పకుండా ఊరుకోవడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి, ఎంత కష్టమో ఎవరికి చెప్పినా అర్థం కాదు.

మా ఆడపడుచు మీట నొక్కింది. చీమలు బయల్దేరాయి. హెడ్‌మిస్ట్రెస్ గారు ముడితో సహా వెళ్ళి ఫ్యానుకి అతుక్కున్నారు.

"ఏదీ, నన్ను కూడా వేశారా?" అని ఆవిడ బల్ల మీదుగా ముందుకి వంగారు. "నేనెక్కడున్నానిందులో?"

మా ఆడపడుచు తెర మీద బీరువా దగ్గరి చీమల్ని చూసుకుంటోంది, ఆ ప్రశ్న తన చెవిన పడలేదు. పిట్ట తెర చూసింది. తలెత్తి ఆవిడ వంక చూసింది. మళ్ళీ తెర చూసింది.

"మేడమ్ కుర్చీలో ఉండాలి" అంది. "ఫ్యాన్ దగ్గర ఉంది."

హెడ్‌మిస్ట్రెస్ గబుక్కున తలెత్తి ఫ్యాను చూశారు. చూసినందుకు తనే నవ్వుకుని, నవ్వు ఆపుకుని, పిట్టతో చాలా మామూలుగా అన్నారు.

"అయ్యో. మరి నేను కిందికెలా దిగాలి?"

"అత్త తప్పు రాసింది. అత్తే దింపుతుంది."

"తొందరగా దింపమని చెప్పు. నాకు పైన భయం."

"అత్తా, మేడమ్‌ని దింపు" అంది పిట్ట. ఆ తర్వాత ఆవిడ వైపు తిరిగి ధైర్యం చెప్పింది. "ఎప్పుడూ ఇంతే. మళ్ళీ దింపేస్తుంది."

ఆవిడ కార్డులన్నీ సొరుగులో పడేశారు. నా వంక చూసి, "సోమవారం నుంచి పంపండమ్మా. ఒకటో తరగతి పై అంతస్తులో" అన్నారు.

ఇంటికి బస్సులో వచ్చాం. కిటికీ పక్క సీటులో పిట్ట, నేను, నా పక్కన మా ఆడపడుచు. గుండె కాస్త కుదుటపడ్డాక నాకొక కోరిక పుట్టింది.

"ఇందాకటి ప్రోగ్రాం నాకు పంపు. దాచుకుంటాను."

"ఏది వదినా?"

"ఏదేంటి! మేడమ్ ఫ్యానెక్కింది."

"ఓ, అదా. తీసేశానుగా."

"తీసేశావా? ఎప్పుడు?"

"అక్కడే, లేచేటప్పుడు. చీమల సంగతి తేలిపోయింది. బల్ల జరిపినా అవి దారి మార్చుకోవు. ఇంకెందుకది?"

ఇంకెందుకట! ఆ క్షణంలో ఆ పిల్లని బస్సులోంచి తోసేద్దామనిపించింది. "నీకసలు బుద్ధుందా? అక్కడ ఏం జరిగిందో చూశావా నువ్వు? నా కూతురు ఎవరితో మాట్లాడిందో తెలుసా నీకు? చెత్తంతా దాచుకుంటావు, ఇది కాదు, ఇది కూడా కాదు అని పేర్లు పెట్టి మరీ దాచుకుంటావు, దాచాల్సినదాన్ని..." అని మొదలుపెట్టాను. మొదలైతే పెట్టాను గానీ మాట పూర్తి కాలేదు. ఏడాదిగా లోపల కుక్కుకున్నదంతా ఆ బస్సులో, అందరి ముందూ, ముక్కులోంచీ కళ్ళలోంచీ వచ్చేసింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మా ఆడపడుచు బిక్కమొహం వేసి "మళ్ళీ రాసిస్తాలే వదినా, ఎంతసేపు" అంటోంది. దాంతో నాకు కోపమూ ఏడుపూ రెండూ ఎక్కువయ్యాయి.

ముందు సీటులో కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ వెనక్కి తిరిగింది. నన్ను అడగడానికి మొహమాటపడి, పిట్టని అడిగింది.

"ఏమైందమ్మా మీ అమ్మకి?"

పిట్ట నా మొహంలోకి పరీక్షగా చూసింది. ఆ తర్వాత, బస్సులో సగం మందికి వినబడేంత గట్టిగా, జీవితంలో ఎన్నడూ చూడని ఆ మనిషికి చెప్పింది.

"అమ్మ నవ్వాలి. ఏడుస్తోంది."

రిపోర్టులో ఒక్క తప్పు కూడా లేదు.